గరాజ్‌లో స్నోమొబైళ్ళు, వాటి కింద చక్రాలు: నా అనుభవం

మిన్నెసోటాలో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు వంటగది చూస్తారు, పూజగదికి చోటుందా అని చూస్తారు. ఒక్క చలికాలం గడిచాక మాత్రం అందరూ మాట్లాడేది గరాజ్ గురించే. జనవరిలో మైనస్ ఇరవై ఉన్న పొద్దున కారు బయట ఉంటే ఆ తిప్పలేమిటో పడినవాళ్ళకే తెలుసు. మా గరాజ్ రెండు కార్లది. వెడల్పు 24 అడుగులు, లోతు కూడా అంతే. అందులో రెండు కార్లు, స్నో బ్లోయర్, గడ్డి కోసే మెషీన్, పిల్లల సైకిళ్ళు, ఇండియా వెళ్ళొచ్చిన ప్రతిసారీ పెరిగే సూట్‌కేసులు ఉన్నాయి. వీటి మధ్యలోకి రెండు స్నోమొబైళ్ళు, అంటే మంచు మీద తోలే బండ్లు, వచ్చి చేరాయి. ఒకటి నాది, ఇంకొకటి మా బావమరిదిది. వాడుండేది అపార్ట్‌మెంట్‌లో. కాబట్టి వాడి బండి కూడా మా నెత్తినే.

ఈ రాష్ట్రంలో స్నోమొబైల్ వింతేమీ కాదు. వీటిని తయారుచేసే పొలారిస్ కంపెనీ 1950లలో మొదలైంది ఇక్కడే, కెనడా సరిహద్దు దగ్గరున్న రోసో అనే చిన్న ఊళ్ళో. ఇంకో కంపెనీ ఆర్కిటిక్ క్యాట్‌ది థీఫ్ రివర్ ఫాల్స్, అదీ మిన్నెసోటానే. రాష్ట్రం మొత్తం మీద ఇరవై వేల మైళ్ళకు పైగా ట్రెయిళ్ళు, అంటే స్నోమొబైళ్ళు తోలే దారులు, ఉన్నాయి. తోలడం నేర్పేవాళ్ళు, ట్రెయిళ్ళు చూపించేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. తోలి వచ్చాక దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలి, ఎలా కదపాలి అన్నది మాత్రం ఎవరి తంటా వాళ్ళదే.

మంచు మీద అంత సుఖంగా పోయే బండి సిమెంటు నేల మీద ఒక్క అడుగు కదలదు. ముందు రెండు స్కీలు, అంటే మంచు మీద జారే పొడవాటి పలకలు, ఉంటాయి. మలుపులో మంచును గట్టిగా పట్టుకోవడానికి వాటి అడుగున కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థం పొదిగిన ఇనుప కడ్డీలు బిగిస్తారు. ఆ కడ్డీలే గరాజ్ నేలను గీరేస్తాయి. ఆ చప్పుడు వింటే పళ్ళు పులుస్తాయి. ఎపాక్సీ పూత వేయించిన నేలైతే తెల్లటి గీతలు పడి అలాగే ఉండిపోతాయి. వెనక బండిని ముందుకి నడిపే రబ్బరు పట్టా, దాన్నే ట్రాక్ అంటారు. ఐసు మీద పట్టు కోసం కొందరు దానికి మొనదేలిన స్టడ్లు బిగిస్తారు. మా బావమరిది బండికి అవి కూడా ఉన్నాయి. బరువు చూస్తే పెట్రోలుతో కలిపి ఒక్కోటి సుమారు 250 కిలోలు. నా బండి పాతది, రివర్స్ గేరు లేదు.

లోపలే స్టార్ట్ చేసి నడపొచ్చు కదా అని చాలామంది అడిగారు. మా గరాజ్ ఇంటికి ఆనుకునే ఉంది. టూ స్ట్రోక్ ఇంజిన్ పొగ, దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ నేరుగా ఇంట్లోకి వచ్చేస్తాయి. పైగా ట్రాక్ లోపలివైపు జారే ప్లాస్టిక్ పట్టీలుంటాయి, హైఫాక్స్ అంటారు. వాటిని చల్లబరిచేదీ, జారనిచ్చేదీ మంచే. ఎండు నేల మీద నడిపితే అవి వేడెక్కి అరిగిపోతాయి.

ఇక చోటు లెక్క. కారు పొడవు 16 అడుగులు. 24 లోంచి అది పోతే వెనక గోడ వరకు ఎనిమిది మిగులుతాయి. గోడకున్న అల్మారాలు తీసేస్తే ఆరు. స్నోమొబైల్ వెడల్పు నాలుగడుగులు, పొడవు సుమారు పది. అంటే రెండిటినీ వెనక గోడ పొడవునా అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి పెడితే సరిపోతాయి. అయితే తలుపులోంచి నిలువుగా వచ్చిన బండిని అక్కడికి తీసుకెళ్ళి, అడ్డంగా తిప్పి, పక్కకి జరుపుకుంటూ గోడకి చేర్చాలి. ముందుకీ వెనక్కీ పోయే చక్రాలతో ఆ పని కాదు. ఎటు నెడితే అటు తిరిగే చక్రాలే కావాలి.

బండి కింద పెట్టి నెట్టుకెళ్ళే చక్రాల బల్లల్ని డాలీలంటారు. ఇక్కడ దొరికేవి మూడు నాలుగు రకాలు. బండి మొత్తం ఎక్కి కూర్చునే పొడవాటి ఒంటి బల్ల ఒకటి. అది గట్టిదే కానీ దానికదే సగం గరాజ్ తింటుంది, బండి లేనప్పుడు దాన్నెక్కడ పెట్టాలో తెలియదు. స్కీలు రెండిటినీ ఒకే కడ్డీ మీద పెట్టి ముందుభాగాన్ని మాత్రమే నెట్టేవి ఇంకో రకం. వెనక బంపర్ కింద దూర్చి మీట నొక్కితే ట్రాక్‌ని నేల మీంచి లేపే చక్రాల స్టాండు మూడోది. అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యేది మూడు ముక్కల సెట్టు. స్కీకొకటి చొప్పున రెండు చిన్న డాలీలు, ట్రాక్ కింద ఒక పెద్దది, ఒక్కోదానికి నాలుగు చక్రాలు. మా అవసరానికి అదే సరైనదని తేల్చుకున్నాం. పని లేనప్పుడు మూడిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి మూలన పెట్టేయొచ్చు.

ఆ డబ్బా మీద పెద్ద అక్షరాలతో 1,500 పౌండ్లు మోస్తుందని రాసుంటుంది. ఆ అంకె చూసి కొనేవాళ్ళే ఎక్కువ. మన బండి ఐదారు వందల పౌండ్లు, చక్రాలు పన్నెండు. మోయడం అసలు సమస్యే కాదు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే నాలుగు చక్రాల్లో ఒకటి గాల్లో ఉంటుంది కాబట్టి ఒక్కో డాలీ మీద పడే బరువుని నాలుగుతో కాక మూడుతో భాగించి చూసుకోవాలి. అలా చూసినా ఒక్కో చక్రానికి వచ్చేది వంద పౌండ్ల లోపే. నిలబెట్టి ఉంచడానికి ఏ డాలీ అయినా చాలు. కదపడం దగ్గరే తేడా అంతా బయటపడుతుంది.

తేడా అంతా నేలలో ఉంది. గరాజ్ సిమెంటు నేల చూడ్డానికి చదునుగా కనిపిస్తుంది గానీ, పగుళ్ళు ఒక గీతలోనే రావాలని పోసేటప్పుడే నిలువుగా, అడ్డంగా కోతలు పెడతారు. నీళ్ళు బయటకి పోవాలని తలుపు వైపు వాలు ఇస్తారు. చలికాలంలో కారు టైర్లు రోడ్డు మీది ఇసక, ఉప్పు గడ్డలు, గులకరాళ్ళు మోసుకొచ్చి ఈ నేల మీదే రాలుస్తాయి. మేము కొన్న సెట్టుకి రెండంగుళాల గట్టి ప్లాస్టిక్ చక్రాలు వచ్చాయి. అవి కోత దగ్గరికి రాగానే టక్కుమని ఆగిపోయాయి. బఠాణీ గింజంత రాయి అడ్డొచ్చినా అంతే. చక్రం ఆగింది కానీ పైనున్న బండి ఆగదు కదా, స్కీ డాలీ మీంచి జారబోయింది. బావమరిది పట్టుకున్నాడు. "బావా, దీనికంటే ఎత్తుకుపోవడమే నయం" అన్నాడు.

అప్పుడు మా నాన్న ఇక్కడే ఉన్నారు, వేసవికి తెనాలి నుంచి వచ్చారు. ఆయన రైస్ మిల్లులో పనిచేసిన మనిషి. పెద్ద పెద్ద మోటార్లని ఇనుప పైపుల మీద దొర్లించుకుంటూ మిల్లులో ఆ చివర్నుంచి ఈ చివరికి చేర్చినవాళ్ళు. కుర్చీ వేసుకుని మా అవస్థ కాసేపు చూసి, లేచొచ్చి చక్రం మీద వేలు పెట్టారు. "ఇది చక్రమా, గోలీకాయా? గొయ్యి కంటే చక్రం ఎన్నో రెట్లు పెద్దదిగా ఉండాలి రా" అన్నారు.

లెక్క కట్టి చూస్తే ఆయన మాటే నిజమని తేలింది. పావు అంగుళం ఎత్తున్న రాయి ఎక్కాలంటే రెండంగుళాల చక్రానికి దాని మీదున్న బరువులో దాదాపు 88 శాతం బలంతో అడ్డంగా నెట్టాలి. అదే రాయి నాలుగంగుళాల చక్రం ముందుంటే 55 శాతం చాలు. ఐదంగుళాలదైతే 48. అంటే రెండు నుంచి నాలుగుకి వెళ్ళడంలో లాభం బాగా ఉంది, నాలుగు నుంచి ఐదుకి అంత లేదు. నాలుగు దగ్గర ఆగాను.

చక్రం దేనితో చేసిందన్నది రెండో ప్రశ్న. మెత్తటి రబ్బరు చప్పుడు చేయదు, రాయిని తనలోకి అణుచుకుంటుంది. కానీ మా బండ్లు ఏప్రిల్ నుంచి నవంబరు దాకా కదలకుండా నిలబడతాయి. అన్ని నెలలు బరువు కింద నలిగితే రబ్బరు ఒకవైపు చపాతీలా తయారవుతుంది, నేల మీద నల్లటి మచ్చలు కూడా వదులుతుంది. నైలాన్ తేలిగ్గా దొర్లుతుంది గానీ ఆ గోల భరించలేం. ఇనుప చక్రాలు నేలని పాడుచేస్తాయి, ఉప్పునీళ్ళకి తుప్పు పడతాయి. చివరికి పాలీయురెథేన్ తొడుగున్నవి తీసుకున్నాను. చలిలో అవి కొంచెం బిగుసుకుంటాయి, అయినా పని ఆగదు. చక్రంలో బేరింగ్ ఉందా, చక్రాన్ని ఎటైనా తిరగనిచ్చే పైభాగంలో, అంటే తల తిరిగే చోట, గోళీలున్నాయా అని చూడటం ముఖ్యం. పక్కకి నెట్టినప్పుడు ముందు తిరగాల్సింది ఆ తలే. అది బిగిసిపోతే ఎంత పెద్ద చక్రమైనా దండగ.

పాత చక్రాలు ఊరికే పోలేదు. మా ఆవిడ కరివేపాకు కుండీకి పెట్టించుకుంది. అక్టోబరులో మొదటి మంచు పడేలోపు ఆ మొక్కని డెక్ మీంచి హాల్లోకి తేవడం మా ఇంట్లో పెద్ద కార్యక్రమం. నున్నటి చెక్క నేల మీద ఆ రెండంగుళాల చక్రాలు హాయిగా దొర్లుతున్నాయి.

కొత్త చక్రాలు బిగించబోతే రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. మొదటిది, బోల్టు రంధ్రాలు కలవవు. ముప్పావు అంగుళం ప్లైవుడ్ ముక్కలు కోసి, ఒకవైపు డాలీ రంధ్రాలకి, ఇంకోవైపు చక్రం పలకకి సరిపోయేలా తొలిస్తే అది తీరిపోయింది. నట్లు మాత్రం లోపల నైలాన్ రింగున్నవే వాడాలి, మామూలువి అదురుకి వదులైపోతాయి.

రెండోదే అసలు చిక్కు. నాలుగంగుళాల చక్రాన్ని తల, పలకతో కలిపి కొలిస్తే ఐదంగుళాల పైన ఉంటుంది. దాని మీద ప్లైవుడ్. అంటే బల్ల నేలకి దాదాపు ఆరంగుళాల ఎత్తులో ఉంటుంది. బండి వెనకభాగాన్ని ఆరంగుళాలు లేపి, కిందకి డాలీ తోసి, దించాలి. అలా చేస్తే డాలీకి పెట్టే ఖర్చు కంటే నడుము డాక్టరుకి పెట్టేదే ఎక్కువవుతుంది.

దారి చూపింది పక్కింటాయన. రిటైరైన మనిషి, గరాజ్‌లో వెల్డింగ్ మెషీన్ ఉంది. ఆయనకీ స్నోమొబైళ్ళున్నాయి. బల్లని చక్రాల పైన ఎందుకు పెట్టడం, చక్రాల మధ్యకి దించేయొచ్చు కదా అన్నాడు. ఒకటిన్నర అంగుళాల యాంగిల్ ఐరన్‌తో (L ఆకారపు ఇనుప కడ్డీతో) నలుచదరపు చట్రం, నాలుగు మూలలా పైకి లేచిన కాళ్ళు, ఆ కాళ్ళ నుంచి బయటకి చాపిన రెక్కల్లాంటి పలకలు, ఆ పలకల కింద చక్రాలు. చట్రం నేలకి అంగుళం ఎత్తులో వేలాడుతుంది. దానిలో ప్లైవుడ్ పరిస్తే, ట్రాక్ కూర్చునే చోటు నేలకి రెండంగుళాల లోపే. పైగా చక్రాలు నాలుగూ దూరదూరంగా ఉంటాయి కాబట్టి డాలీ ఒరగదు.

ఇనుము కొనడానికి వెళ్ళేముందు ఆయన ఒకటే షరతు పెట్టాడు, జింకు పూత ఉన్నది తేవద్దని. వెల్డింగ్ వేడికి ఆ పూత పొగై ఊపిరితిత్తుల్లోకి పోతే జ్వరం పట్టుకుంటుంది. నల్ల ఇనుమే తెచ్చాం.

ఆ రెక్కలు ఎంత పొడవుండాలో తేల్చడం నాకు బాగా నచ్చిన పని. తిరిగే చక్రం తన పలక కింద బుద్ధిగా ఉండదు, తల నుంచి పక్కకి జరిగి ఉంటుంది. ఒక పెద్ద అట్టముక్క మీద చక్రాన్ని తలకిందులుగా పట్టుకుని, తలని మధ్యలో నొక్కిపెట్టి, చక్రం బయటి అంచుకి పెన్సిల్ ఆనించి ఒక చుట్టు తిప్పాం. మూడున్నర అంగుళాల వ్యాసార్థంతో ఒక గుండ్రం వచ్చింది. ఆ గుండ్రం లోపలికి చట్రం, ట్రాక్, పక్క చక్రం ఏదీ రాకూడదు. అట్టముక్కలు నాలుగు కోసి నేల మీద పరిచి చూసుకుని, ఆ తర్వాతే ఇనుము కోశాం. నాన్నకి ఇంగ్లీషు రాదు, పక్కింటాయనకి తెలుగు రాదు. మూలమట్టం పెట్టి చూడమని నాన్న చేత్తో సైగ చేయడం, ఆయన చూసి తలూపడం, ఇలా మధ్యాహ్నం దాకా నడిచింది. నేను టీ అందించడానికే పనికొచ్చాను.

ప్లైవుడ్‌కి బయటి చెక్కపనికి వాడే పెయింటు రెండు పూతలు వేసి, మధ్యలో వేలు పట్టేంత రంధ్రాలు తొలిచాం. ట్రాక్‌లో ఇరుక్కున్న మంచు గరాజ్‌లోకి వచ్చాక గంటల తరబడి కరుగుతూనే ఉంటుంది. ఆ నీళ్ళు నిలవకుండా దిగిపోవాలి, లేకపోతే ప్లైవుడ్ ఉబ్బుతుంది. పైన గుర్రపుశాలల్లో పరిచే మందపాటి రబ్బరు మ్యాట్ ముక్క పరిచాం. ట్రాక్ దాని మీద జారకుండా ఉంటుంది.

ముందువైపు స్కీ డాలీలకి ఇంత హడావుడి చేయలేదు. కొన్న డాలీల పైనున్న పళ్ళేలే ఉంచి, ప్లైవుడ్ ముక్కల మీద మూడంగుళాల పాలీయురెథేన్ చక్రాలు బిగించాం. అక్కడ ఎత్తు తక్కువుండటమే ముఖ్యమనిపించింది. చక్రం చిన్నదైన లోటు పూడ్చడానికి, బండి నడిచే దారిలో ఉన్న సిమెంటు కోతల్ని తనంతట తానే చదునయ్యే సీలెంట్‌తో నింపేశాను. నిజం చెప్పాలంటే చక్రాల కంటే ముందు ఆ పని చేసుకోవాలి, ఎవరికైనా. ఖర్చు తక్కువ, ఫలితం వెంటనే కనిపిస్తుంది.

పళ్ళెం లోపల రెండు చెక్క పట్టీలు, మధ్యలో సందు వదిలి బిగించాం. స్కీ ప్లాస్టిక్ ఆ పట్టీల మీద ఆనుతుంది, కార్బైడ్ కడ్డీ సందులో వేలాడుతుంది. దాంతో స్కీ పక్కకి జారదు, కడ్డీ దేన్నీ గీరదు.

విడివిడి స్కీ డాలీలతో ఇంకో తంటా ఉంది. బండి ముందుభాగం దించేటప్పుడు సస్పెన్షన్ కిందకి దిగుతూ స్కీలని కాస్త బయటకి తోస్తుంది. కింద తిరిగే చక్రాలుంటే ఆగేదేముంది, చెరో దిక్కు పోతాయి. అందుకే రెండు డాలీలని కలుపుతూ అడ్డకడ్డీ పెట్టాం. ఒకదాంట్లో ఒకటి దూరే రెండు చదరపు గొట్టాలు, వాటికి వరసగా రంధ్రాలు, పిన్ను. రెండు బండ్లకీ స్కీల మధ్య దూరం ఒకటి కాదు కాబట్టి ఈ సర్దుబాటు కావాలి. హ్యాండిల్ తిరక్కుండా దాన్ని పట్టీతో నిటారుగా కట్టేస్తాం. హ్యాండిల్ తిరిగితే స్కీ తిరుగుతుంది, స్కీ తిరిగితే డాలీ తిరుగుతుంది, ఇక బండి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

బ్రేకుల విషయంలో డబ్బు మిగుల్చుకోవద్దు. మామూలు బ్రేకు చక్రం దొర్లకుండా ఆపుతుంది కానీ తల తిరుగుతూనే ఉంటుంది. నేల తలుపు వైపు వాలుగా ఉంది కదా, చక్రం ఆగినా తల తిరిగి డాలీ మెల్లగా వంకర పోతుంది. రెండిటినీ ఒకేసారి బిగించే బ్రేకు చక్రాలు విడిగా దొరుకుతాయి. ట్రాక్ డాలీకి రెండు అవే పెట్టాం. పెడల్ బయటివైపు, కాలికి అందేలా ఉండాలి. గోడ వైపు పడితే వంగి చేత్తో నొక్కాల్సి వస్తుంది.

ఇప్పుడు పని ఇలా సాగుతోంది. చలికాలంలో తలుపు బయట డ్రైవ్‌వే మీద పారతో కొంత మంచు పరుస్తాం, కార్బైడ్లు సిమెంటుకి తగలకుండా. బండి గడప దాకా వచ్చాక ఇంజిన్ ఆపేస్తాం. గడప దగ్గర నేలకీ డ్రైవ్‌వేకీ అంగుళం తేడా ఉంది, డాలీలు అది దాటవు, అందుకని అవి ఎప్పుడూ లోపలే. ఇద్దరం కలిసి ముందు బంపర్ లేపి స్కీ డాలీల మీద దించుతాం. అక్కడి నుంచి వెనకభాగం లోపలికి వచ్చేదాకా తోసి, మీట స్టాండుతో లేపి, ట్రాక్ డాలీ కిందకి తోస్తాం. బండిని నడుపుకుంటూ డాలీ మీదకి ఎక్కించేవాళ్ళని చూశాను. ట్రాక్ తగలగానే డాలీ వెనక్కి ఎగిరి వస్తే అడ్డంగా ఉన్న కాలు ఏమవుతుందో వాళ్ళు ఆలోచించినట్టు లేదు. ఎక్కించాక మాత్రం కష్టం లేదు. పక్కకి తోసి గోడకి చేర్చడం ఒక్కరి పని. మొదటిసారి మా ఆవిడే తోసింది, తన కారుకి చోటు వచ్చిందో లేదో చూసుకోవడానికి.

అందరికీ ఇదంతా కావాలని అనను. ఒకే బండి, దానికి రివర్స్ ఉంది, తలుపు దగ్గరే పెట్టుకుంటాం అంటే స్కీల కింద చవక డాలీలు రెండు చాలు. నేల గచ్చు కాకుండా కంకరదైతే ఏ చక్రమూ పనిచేయదు, పలకల మీద లాక్కోవాల్సిందే. కొత్తగా ఎపాక్సీ వేసిన నున్నటి నేలైతే దుకాణంలో దొరికే సెట్టు చక్రాలు మారిస్తే సరిపోతుంది, వెల్డింగ్ దాకా వెళ్ళక్కర్లేదు.

బావమరిది బండి కింద ట్రాక్ డాలీ ఇంకా పాత పద్ధతిదే, చక్రాలు మాత్రం మార్చాం. ఎత్తు ఎక్కువ, లేపేటప్పుడు ఇద్దరం ఉండాల్సిందే. దానికీ చట్రం చేయించాలని మిగిలిన యాంగిల్ ఐరన్ దాచి ఉంచాను. వాడు ఈ ఏడు ఇల్లు కొంటానంటున్నాడు. కొంటే చట్రం కొలతలు వాడి గరాజ్ నేల చూశాకే తీసుకోవాలి. అందుకని ఆ ఇనుము ఇంకా కోయలేదు.